స్మోకీ మౌంటెన్స్‌లో పాత దుంగల ఇళ్లు: చూడాల్సినవేనా, వదిలేయొచ్చా?

కూకట్‌పల్లి కిరణ్ · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా అమ్మానాన్న జూన్‌లో అట్లాంటాలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్తున్నారు. వాడు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌కి మూడు రోజుల ప్లాన్ వేశాడు. కొండలు, జలపాతాలు, అదృష్టం బాగుంటే ఓ ఎలుగుబంటి. నాన్నేమో యూట్యూబ్‌లో చూసి, ఆ కొండల్లో ఉన్న పాత ఇళ్లు, చర్చిలు, పిండి మరలు చూడాల్సిందే అంటున్నారు. ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, పాత గోడ కనిపిస్తే తట్టి చూడకుండా కదలరు. "చెక్క గుడిసెల కోసం ఒక రోజు దండగ" అని తమ్ముడి వాదన. ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నా. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు.

షార్లట్ శైలజ · శనివారం రాత్రి 11:25

కిరణ్ గారూ, ఈ విషయంలో మీ నాన్నగారిదే కరెక్ట్. నాది మల్కాజిగిరి, ఇప్పుడుండేది షార్లట్. మా ఇంటికి వచ్చిన చుట్టాలందర్నీ ఆ కొండలకే తిప్పుతాను.

ఆ పార్కులో 90కి పైగా పాత కట్టడాలు కాపాడుతున్నారు. ఇళ్లు, పశువుల కొట్టాలు, చర్చిలు, బళ్లు, నీటితో తిరిగే పిండి మరలు. పార్కు టెనెస్సీ, నార్త్ కరోలినా రెండు రాష్ట్రాల్లోనూ ఉంటుంది. ఒక్క రోజులో ఎక్కువ చూడాలంటే టెనెస్సీ వైపున్న కేడ్స్ కోవ్‌కి వెళ్లండి. కొండల నడుమ పచ్చిక మైదానం, దాని చుట్టూ 11 మైళ్ల వన్‌వే రోడ్డు. కారులో వెళ్తూ నచ్చినచోట ఆగొచ్చు. 11 మైళ్లే కదా అనుకోకండి, దారిలో ఒక జింక కనిపిస్తే చాలు, ముందున్న కార్లన్నీ ఆగిపోతాయి. రెండు గంటల నుంచి నాలుగు గంటలు పెట్టుకోండి. పొద్దున్నే వెళ్తే సుఖం.

ముఖ్యమైన మాట: బుధవారం వద్దు. మే నుంచి సెప్టెంబర్ దాకా బుధవారాలు ఆ రోడ్డు మీద కార్లు తిరగనివ్వరు, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే. మోకాళ్ల నొప్పులతో ఆ రోజు వెళ్తే గేటు చూసి వెనక్కి రావడమే.

పార్కుకి ఎంట్రీ ఫీజు లేదు. 2023 మార్చి నుంచి పార్కింగ్ ట్యాగ్ పెట్టారు. ఎక్కడైనా 15 నిమిషాలు దాటి బండి ఆపితే ఉండాలి. రోజుకు 5 డాలర్లు, వారానికి 15. లోపల పెట్రోల్ బంకు ఉండదు, హోటల్ ఉండదు. మేమైతే పులిహోర, పెరుగన్నం కట్టుకుని పోతాం. తిన్నాక డబ్బా బల్ల మీద వదిలేయకండి. మనుషుల తిండికి అలవాటు పడిన ఎలుగుబంటికి చివరికి ప్రాణాల మీదికే వస్తుంది.

మియాపూర్ మహేష్ · ఆదివారం ఉదయం 7:02

నాలుగు దుంగలు పేర్చి 200 ఏళ్ల చరిత్ర అంటారు వాళ్లు. మనకు 400 ఏళ్ల చార్మినార్ ఉంది, దాని పక్కనే నిలబడి మిర్చి బజ్జీ తింటాం. తమ్ముడికి నా ఓటు. జలపాతం చూపించండి.

వడ్రంగి మనవడు · ఆదివారం ఉదయం 8:15

మహేష్ అన్నా, రాయితో కట్టింది నిలవడంలో గొప్పేముంది? చెక్క నిలవాలి, అదీ వాన కొండల్లో. ఆ పార్కులో ఎత్తైన చోట్ల ఏడాదికి 85 అంగుళాల దాకా వాన పడుతుంది. మన హైదరాబాద్‌కి పడేది అందులో సగం కూడా ఉండదు.

పోయినేడు ఆఫీసు పని మీద నాక్స్‌విల్ పోయినప్పుడు కేడ్స్ కోవ్ చూసిన. మా తాత, నాన్న ఇద్దరూ వడ్రంగం చేసినోళ్లే, నేను సాఫ్ట్‌వేర్‌లో పడ్డ. అందరూ ఇంటి ముందు సెల్ఫీలు దిగుతుంటే నేను మూల దగ్గర కూర్చున్న. జాన్ ఆలివర్ ఇల్లు అంటారు దాన్ని, 1820ల నాటిది. మూలల్లో ఒక్క మేకు లేదు. ఒక దుంగ చివరను ఏటవాలుగా చెక్కి, పై దుంగ చివర దాని మీద సరిగ్గా కూర్చునేటట్టు కోసిండ్రు. ఆ వాలు ఎటుందో చూడాలె. పడ్డ నీళ్లు లోపలికి రాకుండ బయటికి జారేటట్టు. పైన బరువు పడేకొద్దీ మూల ఇంకా బిగుసుకుంటది, ఊడి రాదు. దుంగ ముఖం మీద గొడ్డలి గాట్లు ఇప్పటికీ ఉన్నయి, వేలు పెడితే తెలుస్తది. గుండ్రటి మానును వెడల్పు గొడ్డలితో నాలుగు మొహాలు తీసిండ్రన్నమాట. చిత్రిక పట్టిన పని కాదు, కానీ గీత తప్పలేదు. దుంగల నడుమ సందుల్లో మట్టి మెత్తిండ్రు.

ఇంకోటి, పశువుల కొట్టాలు. కింద రెండు చిన్న దుంగల గదులు, వాటి మీద పొడుగు దూలాలు వేసి, ఆ దూలాలు నాలుగు పక్కలా బయటికి వచ్చేటట్టు వదిలి, పైన పెద్ద గడ్డి అటక. పై అంతస్తు గాలిలో వేలాడుతున్నట్టుంటది. కింద చూరు నీడలో పశువులు, బండ్లు, పనిముట్లు తడవకుండ ఉంటయి. ఇట్లాంటి కొట్టాలు ఎక్కువగా టెనెస్సీలోని సెవియర్, బ్లౌంట్ కౌంటీల్లోనే కనిపిస్తయట. కిరణ్ అన్నా, మీ నాన్నను ఆ కొట్టం దగ్గర వదిలిపెట్టుండ్రి, గంట దాకా బయటికి రారు.

చిక్కడపల్లి మాస్టారు · ఆదివారం ఉదయం 9:48

మనవడి వర్ణన బాగుంది. ఒక చేర్పు. టిప్టన్ వాళ్ల స్థలంలో ఉన్న ఆ వేలాడే కొట్టం పాతది కాదు, 1968లో పాత దాని నమూనాలో మళ్లీ కట్టింది. రోడ్డు పక్కన ఉండటంతో ఎక్కువమంది ఫొటో తీసేది దాన్నే.

ఇక్కడే నాకొక పేచీ ఉంది. చూడొద్దని చెప్పడం లేదు, చూసేటప్పుడు ఏం చూస్తున్నామో తెలిసి చూడాలంటాను.

ఈ పార్కు 1934లో ఏర్పడింది. 1940 సెప్టెంబర్ 2న న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ దగ్గర అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాన్ని జాతికి అంకితం చేశారు. అమెరికాలో పశ్చిమాన ఉన్న పాత పార్కులకు ఎక్కువగా ప్రభుత్వ భూమే దొరికింది. ఇక్కడ అలా కాదు. అంతా కలప కంపెనీలదీ, రైతులదీ. టెనెస్సీ, నార్త్ కరోలినా రాష్ట్రాలు ఎకరం ఎకరం కొనుక్కుంటూ పోయాయి. బడిపిల్లలు చిల్లర పోగేశారు, కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ 50 లక్షల డాలర్లు ఇచ్చారు. అమ్మనన్నవాళ్ల మీద భూసేకరణ కేసులు పెట్టారు. ఇందాక మనవడు చెప్పిన జాన్ ఆలివర్ మునిమనవడు జాన్ డబ్ల్యూ. ఆలివర్ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడి, ఓడి, 1937లో ఊరు వదిలాడు. ముత్తాత ఇల్లు మ్యూజియం, మునిమనవడు బయటికి.

అప్పటికి కేడ్స్ కోవ్ వాళ్లంతా దుంగల ఇళ్లలో లేరు. రంపపు మిల్లులు వచ్చాయి, కోసిన పలకలతో కట్టి రంగులేసిన మామూలు ఇళ్లు చాలా ఉండేవి. పార్కు వాళ్లు ఆ తరహా ఇళ్లను చాలావరకు పడగొట్టి, 'ఆదిమ కాలపు కొండ జీవితం' అనిపించే దుంగల ఇళ్లు ఉంచారు. ఏరి ఉంచిన చరిత్ర అది. దాన్ని చూసి 1930ల్లో కూడా వీళ్లు ఇలాగే బతికారని ఎవరైనా అనుకుంటే, అది ఆ మనుషులకు అన్యాయం.

బేగంపేట పద్మ · ఆదివారం ఉదయం 10:20

మాస్టారూ, ఆలివర్ వాళ్ల కన్నా ముందు అక్కడున్న చెరోకీ ఆదివాసుల ఊసు ఎక్కడ? ఆలివర్ దంపతులు 1818లో వచ్చారు, మొదటి చలికాలం చెరోకీలు ఇచ్చిన గుమ్మడి వరుగులు తిని బతికారని చెబుతారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1838లో, ఆ చెరోకీలనే సైన్యం వందల మైళ్ల అవతలికి తరిమింది. వాళ్ల ఇల్లు ఒక్కటైనా ఆ 11 మైళ్ల దారిలో లేదు. పార్కులో ఎత్తైన శిఖరానికి కూడా 2024లో గానీ వాళ్ల పేరు కువోహి తిరిగి రాలేదు.

చిక్కడపల్లి మాస్టారు · ఆదివారం ఉదయం 10:31

పద్మ గారూ, నిజమే. వరుగుల కథ మా కాలేజీలో చెప్పి ఉంటే పిల్లలు ఒక్కరూ మర్చిపోయేవాళ్లు కాదు.

వడ్రంగి మనవడు · ఆదివారం ఉదయం 11:05

మాస్టారూ, ఒప్పుకుంటా. కానీ అన్నీ ఉంచాలంటే ఎట్లా? చెక్క ఇల్లు అంటే ఏటా పని. చెక్క పెంకులు కుళ్లుతయి, కింది దుంగకు చెద పడుతది, మార్చాలె. చేతితో పెంకులు చీల్చే పనోళ్లు కావాలె. అందరి ఇళ్లూ ఉంచితే ఒక్కటీ నిలవదు. మనుషుల్ని పంపడం తప్పు అనుకో, దాని కోపం గొడ్డలి పని మీద ఎందుకు?

చిక్కడపల్లి మాస్టారు · ఆదివారం ఉదయం 11:22

గొడ్డలి పని మీద కోపం లేదు నాయనా. బోర్డు మీద కోపం. 'ఇక్కడ మరో ఇల్లుండేది, మేము తీసేశాం' అని నాలుగు ముక్కలు రాస్తే నాకు చాలు.

షార్లట్ శైలజ · ఆదివారం మధ్యాహ్నం 1:10

ఉంచాలా తీసేయాలా అన్న గొడవ బాగా తెలియాలంటే ఎల్క్‌మాంట్ చూడాలి. మొదట కలప కంపెనీ ఊరు, తర్వాత నాక్స్‌విల్ డబ్బున్నవాళ్ల వేసవి విడిది. పార్కు వచ్చినప్పుడు వాళ్లకు దీర్ఘకాలపు లీజులు ఇచ్చారు, చాలావరకు 1992లో ముగిశాయి. ఆ తర్వాత ఇళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. ఉంచాలని కొందరు, అడవికి వదిలేయాలని కొందరు. తేలేసరికి 2009 వచ్చింది. ఈలోగా అక్కడి పాత వండర్‌ల్యాండ్ హోటల్ 2005లో కూలనే కూలింది. చివరికి 19 కట్టడాలు ఉంచి మిగతావి తీసేయాలని నిర్ణయించారు. ఇప్పుడు ఆ వీధిలో రంగులేసిన చిన్న చిన్న కాటేజీలు ముచ్చటగా ఉంటాయి. పక్కనే అడవిలో ఒక్కోచోట పొగగొట్టం మాత్రమే మిగిలి ఉంటుంది, ఇల్లు ఉండదు.

జూన్ మొదట్లో వెళ్తుంటే ఒక మాట. అక్కడ మిణుగురులు అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతాయి. ఆ వారం సాయంత్రాలు లాటరీలో పాస్ వచ్చినవాళ్లకే ప్రవేశం. పగలు మామూలుగా వెళ్లొచ్చు.

కేబీఆర్ వాకర్ · ఆదివారం సాయంత్రం 5:40

నేషనల్ పార్కులో పాత కట్టడం కోసం టెనెస్సీ దాకా ఎందుకు స్వామీ? రోజూ పొద్దున నేను నడిచే కేబీఆర్ పార్కు కూడా నేషనల్ పార్కే, దాదాపు 390 ఎకరాలు, ఊరి నడిబొడ్డున. లోపల నిజాం కుటుంబం వాళ్ల చిరాన్ ప్యాలెస్ ఉంది. మనలో ఎంతమంది చూశాం? వాకర్లను అటు పోనివ్వరు. నెమళ్లు మాత్రం దర్జాగా పోతాయి. పక్కన నడిచే కుర్రాణ్ణి అడిగితే "లోపల ప్యాలెస్ ఉందా అంకుల్?" అన్నాడు.

మియాపూర్ మహేష్ · ఆదివారం సాయంత్రం 5:52

ఉందా అంకుల్? 😀

కృష్ణ ఒడ్డు · ఆదివారం రాత్రి 9:15

మాస్టారు చెప్పిన మునిమనవడి సంగతి దగ్గర ఆగిపోయాను. మాది వనస్థలిపురం ఇప్పుడు. అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. వందకు పైగా ఊళ్లు మునిగాయి ఆ నీళ్లలో. గుళ్లను రాయి రాయికీ నంబరు వేసి విప్పి తీసుకెళ్లారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి అలాగే అలంపూర్ చేరింది. అంతకుముందు నాగార్జునసాగర్ అప్పుడూ అంతే. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన బౌద్ధ కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికీ, అనుపు దగ్గరికీ మార్చారు. ఇప్పుడు లాంచీలో వెళ్లి చూసొస్తాం.

గుడికి నంబర్లు వేశారు, బాగుంది. మా అమ్మమ్మ వాళ్ల ఇంటి దర్వాజాకు ఎవరు వేస్తారు? వాళ్లే పీక్కుని ఎడ్లబండి మీద వేసుకొచ్చారు. కొత్త ఇంటికి అది పొట్టిదైంది, పైన ఒక వరస ఇటుక పెట్టి సరిచేశారు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు అమ్మ ఒడ్డున నిలబడి ఫలానా దిబ్బ మా ఊరి చావడి అంటుంది. నాకు బురద తప్ప ఏం కనపడదు.

అందుకే కిరణ్ గారూ, ఆ పార్కులో ఇళ్లు ఉంచారంటే నాకు కొంచెం అసూయగానే ఉంది. ఏరి ఉంచారో, మళ్లీ కట్టారో, మనవళ్లు వెళ్లి ముట్టుకోవడానికి ఒక గోడైతే ఉంది.

షార్లట్ శైలజ · ఆదివారం రాత్రి 10:05

మీరు రాసింది ఇక్కడి కథకు చాలా దగ్గర. పార్కుకు దక్షిణం వైపు, నార్త్ కరోలినాలో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫోంటానా డ్యామ్ కట్టారు. ఊళ్లకు వెళ్లే రోడ్డు నీళ్లలో పోయింది, జనాన్ని ఖాళీ చేయించారు, ఆ భూమి పార్కులో కలిసింది. శ్మశానాలు మాత్రం అవతలి ఒడ్డున ఉండిపోయాయి. కొత్త రోడ్డు వేస్తామని 1943లో ఒప్పందం రాసుకున్నారు. కొన్ని మైళ్లు వేసి, ఒక సొరంగం తవ్వి, వదిలేశారు. బ్రైసన్ సిటీ నుంచి వెళ్తే ఆ సొరంగం ఇప్పటికీ కనిపిస్తుంది, అవతల రోడ్డు లేదు. ఎక్కడికీ పోని రోడ్డు అనే పిలుస్తారు దాన్ని. 2010లో రోడ్డుకు బదులు ఆ కౌంటీకి 5 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చేలా రాజీ కుదిరింది. అక్కడివాళ్ల వారసులు ఏటా వేసవిలో పడవల్లో సరస్సు దాటి వెళ్లి, సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టి వస్తారు. పడవలు పార్కు వాళ్లే ఏర్పాటు చేస్తారు.

నల్లమల నడక · సోమవారం ఉదయం 6:30

ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కి సఫారీ జీపులో వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, నిజాం కాలం వేట బంగళాల శిథిలాలు అడవిలో ఉన్నాయి. అది ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. కోర్ ఏరియా గూడేల్లోని చెంచుల్ని బయటికి పంపాలన్న మాట ఇప్పటికీ నలుగుతూనే ఉంది. వేటగాడి బంగళా శిథిలమైనా ఉంటుంది. తేనె తీసే చెంచువాడి గుడిసె వాన పడితే పోతుంది, కాపాడాలని ఎవరికి తడుతుంది? మాస్టారు అడిగిన బోర్డు ఇక్కడా ఒకటి పెట్టాలి.

బోయిన్‌పల్లి బాబాయ్ (మోడరేటర్) · సోమవారం ఉదయం 8:00

ముంపు ఊళ్లు, చెంచుల తరలింపు పెద్ద విషయాలు. 'మన ఊళ్లు' విభాగంలో విడిగా థ్రెడ్ తెరిచాను, అక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇక్కడ కిరణ్ వాళ్ల నాన్నగారి ప్రయాణం సంగతి తేల్చండి.

కూకట్‌పల్లి కిరణ్ · సోమవారం రాత్రి 9:10

అందరికీ థాంక్స్. థ్రెడ్ మొత్తం నాన్నకు చదివి వినిపించాను. కింద రాసేది ఆయన చెబుతుంటే టైప్ చేసింది:

"మనవడి స్థానంలో ఉన్న బాబుకు ఆశీస్సులు. రెండు సందేహాలు. అడుగు దుంగ నేల మీద ఆనిందా, కింద రాయి ఉందా? నేలకు ఆనితే అంత వానలో ఇన్నేళ్లు నిలవడం అసాధ్యం. రెండోది, దుంగలు ఏ చెట్టువి? మన దగ్గర టేకో, ఏగిసో అయితే నమ్ముతాను. మాస్టారు గారు చెప్పింది కూడా న్యాయంగా ఉంది. కూల్చినదాని లెక్క కూడా రికార్డులో ఉండాలి, మా డిపార్ట్‌మెంట్‌లో అయితే ఆడిట్‌లో పట్టుకునేవాళ్లు."

వడ్రంగి మనవడు · సోమవారం రాత్రి 9:45

పెద్దాయనకు నమస్కారం. అడుగు దుంగ నేలకు ఆనదు సార్. మూలల కింద రాళ్లు పేర్చి దాని మీద కూర్చోబెట్టిండ్రు, కింద గాలి ఆడుతది. చూరు కూడా బాగా బయటికి ఉంటది. కలప ఎక్కువగా ట్యూలిప్ పాప్లర్, చెస్ట్‌నట్.

షార్లట్ శైలజ · సోమవారం రాత్రి 10:20

చెస్ట్‌నట్ అన్నారు కాబట్టి, నార్త్ కరోలినా వైపు ఒకోనలఫ్టీ దగ్గరున్న మౌంటెన్ ఫార్మ్ మ్యూజియం కూడా చూడండి. అక్కడి డేవిస్ ఇల్లు చెస్ట్‌నట్ దుంగలతో కట్టింది. ఆ తర్వాత ఆ చెట్లకు శిలీంధ్రపు తెగులు పట్టి కొండలన్నిటా పోయాయి. ఇప్పుడు అలాంటి ఇల్లు కట్టాలన్నా ఆ మాను దొరకదు. ఆ ఇంటిని వేరేచోట నుంచి 1950ల్లో విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. అంతా చదునైన నేల, మోకాళ్లకు ఇబ్బంది ఉండదు. కొంచెం దూరంలో 1886 నాటి మింగస్ మర. పెద్ద నీటి చక్రం కోసం వెతక్కండి, అది టర్బైన్‌తో నడుస్తుంది. ఇంజనీరు గారికి నచ్చుతుంది. చక్రం తిరిగేది చూడాలంటే కేడ్స్ కోవ్‌లో కేబుల్ మర ఉంది, రాళ్ల మధ్య మొక్కజొన్న పడి పిండి రావడం చూడొచ్చు.

బేగంపేట పద్మ · సోమవారం రాత్రి 10:48

అమ్మగారికి కూడా ఒకటి ఉండాలి కదా. వాకర్ అక్కచెల్లెళ్ల ఇల్లు. పార్కు వచ్చాక కూడా ఐదుగురు అక్కచెల్లెళ్లు ఇల్లు వదిలి కదిలేది లేదన్నారు. 1940లో 4,750 డాలర్లు తీసుకుని, బతికున్నంత కాలం అక్కడే ఉండేలా రాయించుకున్నారు. నూలు వడుక్కుని, కూరగాయలు పండించుకుని బతికారు. 1946లో ఒక పత్రికలో వాళ్ల గురించి రావడంతో జనం కట్టలు కట్టుకుని వచ్చారు, వాళ్లకు చిన్న చిన్న వస్తువులు చేసి అమ్మేవాళ్లు. వాళ్లలో చివరిదాకా మిగిలిన లూయిసా 1964లో పోయారు. చిక్కేంటంటే లిటిల్ గ్రీన్‌బ్రయర్ బడి దగ్గర్నుంచి మైలు పైచిలుకు నడవాలి. నాన్నగారు ఆ బడి బెంచీ మీద కూర్చుంటారు, అమ్మగారు తమ్ముడితో వెళ్లి రావచ్చు. ఆ బడి కూడా 1882లో కట్టిన దుంగల బడే.

మియాపూర్ మహేష్ · సోమవారం రాత్రి 11:02

నాకూ వెళ్లాలనిపిస్తోంది, వీసా ఇంటర్వ్యూ స్లాట్ ఎవరైనా ఇప్పిస్తే. కేడ్స్ కోవ్‌లో నడక తక్కువ ఉన్నవి ఏవి? మా అత్తయ్యకు కూడా మోకాళ్లే.

షార్లట్ శైలజ · సోమవారం రాత్రి 11:30

కేబుల్ మర దగ్గర పార్కింగ్ నుంచి నాలుగడుగులే. మర, కొట్టాలు, 1879 నాటి బెకీ కేబుల్ ఇల్లు, టాయిలెట్లు అన్నీ అక్కడే. మాస్టారు గారికి ఒక మాట, ఆ బెకీ కేబుల్ ఇల్లు పలకలతో కట్టిందే, కూల్చకుండా మిగిలిన కొద్దివాటిలో ఒకటి. మెథడిస్ట్ చర్చి రోడ్డు పక్కనే, దానికి ముందు రెండు గుమ్మాలుంటాయి. 1902లో ఒక కమ్మరి 115 రోజుల్లో, 115 డాలర్లకు కట్టాడట. జాన్ ఆలివర్ ఇంటికి కొంచెం నడక. ఎలైజా ఆలివర్ ఇంటికి అర మైలు, అది కష్టం. ఓపిక ఉన్నవాళ్లు వెళ్లండి, వసారాలో ఒక మూల మూసి దారిన పోయేవాళ్లు రాత్రి పడుకోవడానికి గది కట్టి ఉంచారు.

కూకట్‌పల్లి కిరణ్ · మంగళవారం ఉదయం 7:50

ఖరారైంది. గురువారం పొద్దున్నే కేడ్స్ కోవ్, శుక్రవారం ఒకోనలఫ్టీ, దారిలో న్యూఫౌండ్ గ్యాప్. జలపాతం శనివారానికి జరిగింది, తమ్ముడు మొహం ముడుచుకున్నాడు. నాన్న టేప్ సర్దుకుంటున్నారు. దుంగ మందం కొలుస్తారట. ముట్టుకోవచ్చు గానీ గోకకూడదని చెప్పాను.

వడ్రంగి మనవడు · మంగళవారం ఉదయం 8:04

ఆ మాట గట్టిగా చెప్పు అన్నా. లోపలి గోడల మీద ఇప్పటికే పేర్లు, గుండె బొమ్మలు చెక్కి పెట్టిండ్రు. కొలతలు తీసినంక ఇక్కడ పెట్టమని చెప్పు, మూల కోత ఏటవాలు ఎంతుందో నాకు కావాలె.